కార్డు వెనక ఉత్తరం

డిసెంబరు 31 రాత్రి పదకొండున్నర దాటాక హైదరాబాద్ ఏ.ఎస్. రావు నగర్‌లో రెండు రకాల సందడి. రాధిక చౌరస్తా వైపు బేకరీల ముందు కేకుల కోసం జనం. లోపలి వీధుల్లో మందిరాల దగ్గర, షామియానాల కింద పాటలు, ప్రార్థనలు. పన్నెండు కాగానే పాస్టరు అయ్యగారు శుభాకాంక్షలు చెప్పి పళ్లెం ముందుకు జరుపుతారు. అందులో బోర్లించిన కార్డులు. వరసలో వెళ్లి తలా ఒకటి తీసుకోవడమే. ఒక మూల గులాబీ పువ్వో జలపాతమో, మధ్యలో ఒక వచనం. ఆ ఏటికి అదే వాగ్దానం. చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర ఆడవాళ్ల మాటలు ఇలా సాగుతాయి.

"నాకు యెషయా వచ్చింది. మీకేం వచ్చింది వదినా?"

"మళ్లీ యిర్మీయా ఇరవై తొమ్మిదే. పోయినేడూ అదే."

"అయితే దేవుడు గట్టిగానే చెబుతున్నాడు మీకు!"

కార్డు ఫ్రిజ్ తలుపు మీదికో, బైబిల్ జిప్పు కవరు లోపలికో చేరుతుంది. తెల్లారితే జనవరి 1. ఇంకో తీర్మానం. ఈసారి బైబిల్ మొత్తం చదివేయాలి. 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం అయిదు చొప్పున చదివితే ఏడాదికి సరిపోతుంది. ఆదికాండం 50 అధ్యాయాలూ కథల మీద కథలు కాబట్టి పరుగులు తీస్తాయి. నిర్గమకాండంలో ఎర్రసముద్రం దాటేదాకా ఢోకా లేదు. ఆ తర్వాత ధర్మశాస్త్రం, గుడారం కొలతలు, తెరల రంగులు మొదలవుతాయి. జనవరి నెలాఖరుకు లేవీయకాండం వస్తుంది. బలుల విధులు, చర్మవ్యాధుల పరీక్షలు. ఫిబ్రవరి మొదటి వారానికల్లా ఎర్ర రిబ్బను అక్కడే ఆగిపోతుంది. మళ్లీ డిసెంబరు దాకా దాన్ని కదిపేవాళ్లుండరు.

బైబిల్ చదవాలని ఉంది గానీ చదువు నిలవడం లేదనే వాళ్లలో చాలామందికి ఈ రెండు దారులే తెలుసు. ఏడాదికి ఒక వచనం, లేదా ఏడాదిలో గ్రంథమంతా. నాకు రెండింట్లోనూ ఒకటే లోటు కనిపిస్తుంది. మాట చెవిన పడుతుంది, ఆ మాట ఎవరు, ఎవరితో, ఏ అవస్థలో ఉండి అన్నారో తెలియదు. అది తెలిశాక చదవమని ఎవరూ పోరు పెట్టనక్కర్లేదు.

పదకొండో వచనం లేని రోజుల్లో

కార్డును వెక్కిరించడానికి ఇదంతా చెప్పడం లేదు. ఇలా చీటీ తీసే అలవాటు మనొక్కరిదే కాదు. జర్మనీలో హెర్న్‌హూట్ అనే ఊళ్లో జింజెన్‌డార్ఫ్ ప్రభువు ఆశ్రయంలో ఉన్న మొరేవియన్ విశ్వాసులకు 1728 నుంచి రోజుకో వచనం ఇచ్చేవారు. 1731 నుంచి అది ఏటేటా పుస్తకంగా అచ్చవుతోంది. ఇప్పటికీ రాబోయే ఏళ్ల వచనాలను అక్కడ చీటీలు తీసే ఎంపిక చేస్తారు. కష్టకాలంలో ఒక్క వాక్యం పట్టుకుని బతికిన వాళ్లు మన ఇళ్లలోనూ ఉన్నారు.

చిక్కల్లా ఒకటే. కార్డు మీది వచనం ఒక ఉత్తరంలోంచో పాటలోంచో తగవులోంచో తెంచుకొచ్చిన ముక్క. అధ్యాయాలుగా విడగొట్టడం 13వ శతాబ్దం తొలినాళ్లలో స్టీఫెన్ లాంగ్టన్ చేసిన పని. కొత్త నిబంధనలో మనం చూసే వచనాల అంకెలు ఫ్రెంచి ప్రచురణకర్త రాబర్ట్ ఎస్తియెన్ 1551 నాటి ప్రతిలో వేసినవి. యిర్మీయా తన ఉత్తరం రాసిన నాటికి అందులో పదకొండో వచనం అంటూ ఏదీ లేదు.

ఆ ఉత్తరాన్నే విప్పి చూద్దాం. ఇరవై తొమ్మిదో అధ్యాయం పదకొండో వచనం తెలుగు క్రైస్తవ ఇళ్లలో బహుశా అన్నిటికంటే ఎక్కువగా గోడకెక్కిన వచనాల్లో ఒకటి. మీ విషయంలో నా ఆలోచనలు మేలు చేసేవే, కీడు చేసేవి కావు, మీకు భవిష్యత్తు ఉంది అన్నది దాని భావం. పరీక్ష ఫలితాల ముందు, వీసా ఇంటర్వ్యూ ముందు, ఆపరేషన్ ముందు అందరూ దీన్నే తలుచుకుంటారు.

ఇప్పుడు అధ్యాయం మొదటికి వెళ్లండి. బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము నుంచి రాజును, రాజమాతను, అధికారులను, పనితనం తెలిసిన వాళ్లను చెరపట్టి తీసుకుపోయాడు. కమ్మరులు, కంసాలులు, శిల్పులు అందరూ పరదేశం పాలయ్యారు. యెరూషలేములో మిగిలిన యిర్మీయా వాళ్లకు ఉత్తరం రాసి, రాజు పంపుతున్న మనుషుల చేతికిచ్చి బబులోనుకు పంపాడు. ఉత్తరంలో మొదట వాగ్దానం లేదు. ఇళ్లు కట్టుకోండి, కాపురముండండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీ పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం బాగు కోరి దాని కోసం ప్రార్థన చేయండి. ఇదీ మొదలు. ఎంతకాలం? డెబ్బై ఏళ్లు. పదో వచనంలో ఆ అంకె ఉంది, కార్డు మీదికి ఎక్కదు.

ఇంకొక్క పేజీ వెనక్కి తిప్పితే అసలు తగవు బయటపడుతుంది. ఇరవై ఎనిమిదో అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త గుడిలో అందరి ముందూ చెరకు గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని విరగ్గొట్టి, రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారని చాటాడు. వినడానికి ఎంత బాగుందో! కొత్త సంవత్సరం రాత్రి అలాంటి మాటకే చప్పట్లు ఎక్కువ పడతాయి. యిర్మీయా రాసింది అలాంటి మాటలకు జవాబు. ఆ ఉత్తరం అందుకున్న నడివయసు మనిషికి తాను తిరిగి వెళ్లడని అప్పుడే తెలిసిపోయి ఉంటుంది. మేలు జరిగేది తన మనవడికి. అదంతా విన్నాక పదకొండో వచనం చదివి చూడండి. దాని బరువే వేరు.

ఈ ఉత్తరం ఏ.ఎస్. రావు నగర్‌లో చదవాల్సిన ఉత్తరం అని నాకు గట్టిగా అనిపిస్తుంది. 1967లో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ పెట్టిన అయ్యగారి సాంబశివరావు పేరు మీద వెలసిన కాలనీ ఇది. ఫిట్టర్లు, వెల్డర్లు, టెక్నీషియన్లు, ఇంజనీర్లు గోదావరి జిల్లాల నుంచి, గుంటూరు నుంచి, కరీంనగర్ నుంచి, కేరళ, తమిళనాడుల నుంచి వచ్చారు. వీళ్లనెవరూ చెరపట్టి తేలేదు, ఉద్యోగం కోసం వాళ్లే వచ్చారు, ఆ తేడా మరవకూడదు. కానీ నాలుగేళ్లు చేసుకుని ఊరెళ్లిపోదామనుకున్నవాళ్లే స్థలాలు కొన్నారు, ఇళ్లు కట్టారు, గేటు పక్కన మామిడి మొక్కా కరివేపాకూ నాటారు, పిల్లల పెళ్లిళ్లు ఇక్కడే చేశారు. మీదే ఊరండీ అంటే ఇప్పటికీ భీమవరం పేరో నరసాపురం పేరో చెబుతారు. అలాంటి కుటుంబం భోజనాల బల్ల చుట్టూ కూర్చుని యిర్మీయా 28, 29 పైకి చదివితే మాటలకు కొదవుండదు. మీరు ఈ ఊరి బాగు కోసం ఏనాడైనా ప్రార్థన చేశారా నాన్నా అని కొడుకు అడిగే ప్రమాదం కూడా ఉంది.

పట్టిక రాసినవాడి హెచ్చరిక

ఏడాదిలో బైబిల్ చదివే పట్టికల్లో పేరున్నది రాబర్ట్ మర్రే మెక్‌షేన్ రాసినది. స్కాట్లాండ్‌లోని డండీ పట్టణంలో కాపరిగా ఉంటూ తన సంఘం కోసం 1842లో తయారు చేశాడు. పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు పూర్తయ్యేలా రోజుకు నాలుగు భాగాలు. మరుసటి ఏడే, ముప్పై నిండకుండా చనిపోయాడు. పట్టిక మాత్రం ప్రపంచమంతా తిరిగింది, ఇప్పుడు ఫోన్లలోకీ చేరింది.

పట్టికతో పాటు అతను రాసిన ముందుమాటను మాత్రం జనం వదిలేశారు. అందులో పట్టిక వల్ల వచ్చే ప్రమాదాలు తనే చెప్పాడు. చదువు మొక్కుబడి అవుతుంది. నా వంతు అయిపోయిందన్న గర్వం వస్తుంది. పరధ్యానంగా చదవడం అలవాటవుతుంది. కొందరికి అది మోయలేని కాడి అవుతుంది. కాలనీలో ఎవరినడిగినా ఈ నాలుగింట్లో ఏదో ఒకటి తనకూ తగిలిందనే అంటారు.

ఫోన్ వచ్చాక రెండో ప్రమాదానికి రెక్కలొచ్చాయి. 2008లో ఫోన్లలోకి వచ్చిన యూవర్షన్ యాప్ వల్ల తెలుగు బైబిల్ జేబులోకి వచ్చింది, కళ్లు కనబడని పెద్దలకు ఆడియో వచ్చింది. ఇవి చిన్న మేళ్లు కావు. కానీ వరసగా ఎన్ని రోజులు తెరిచారో లెక్క చూపిస్తుంది చూశారా, ఆ లెక్క తెగకూడదని రాత్రి పదకొండూ యాభై ఎనిమిదికి దుప్పటిలో ఒక అధ్యాయం వేలితో తోసేసేవాళ్లున్నారు. అది ఫోన్‌కు హాజరు వేయించుకోవడం.

మరి లేవీయకాండం సంగతి? వరసలో చదవాల్సిన పని లేదు. ముందు పంతొమ్మిదో అధ్యాయం ఒక్కటి చదివి, అక్కణ్ణుంచి నేరుగా రూతు గ్రంథానికి వెళ్లండి. పంతొమ్మిదిలో ఒక ఆజ్ఞ ఉంది. పంట కోసేటప్పుడు చేను అంచులు పూర్తిగా కోయకూడదు, రాలిన పరిగె ఏరుకోకూడదు, అది బీదలకూ పరదేశులకూ వదిలేయాలి. రూతు కథ మొత్తం ఆ ఒక్క ఆజ్ఞ మీద నడుస్తుంది. మోయాబు నుంచి అత్తతో వచ్చిన విధవరాలు, పరదేశి, బేత్లెహేములో బోయజు చేలో పరిగె ఏరుకుని అత్తకు తిండి పెట్టింది. రాతిపలక మీది శాసనంలా కనిపించిన వాక్యం పొలం గట్టు మీద మనిషై నిలబడుతుంది.

నాలుగే అధ్యాయాలు. పైకి చదివినా పావుగంట, ఇరవై నిమిషాలు. దీన్ని ఒంటరిగా కాకుండా ఇంట్లో పెద్దవాళ్లతో చదవమంటాను. ఒక ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్లాడు చదువుతుంటే మంచం మీది నుంచి అమ్మమ్మ వింటోంది.

"అమ్మమ్మా, పరిగె అంటే?"

"కోతలయ్యాక చేలో రాలిన కంకులు నాయనా. చిన్నప్పుడు మేమూ ఏరాం. ఆసామి చూస్తే కసిరేవాడు."

"ఇక్కడ బోయజు కావాలనే వదలమన్నాడు, పనివాళ్లతో."

"అదే మరి. కావాలని వదిలాడని ఆ పిల్లకు తెలియనివ్వలేదు చూడు. ఇంకోసారి చదువు ఆ ముక్క."

సాయంత్రానికి రూతు దులపగా వచ్చిన యవలు తూమెడని తెలుగు బైబిల్ చెబుతుంది. తూమంటే ఎంతో, అది నెత్తిన పెట్టుకుని నడవడమంటే ఏమిటో ఆవిడకు తెలుసు. ఏ గైడూ అంత వివరంగా చెప్పలేదు. పొలం, కూలి, కాడి, కల్లం, తూర్పారబట్టడం, బావి దగ్గర తగవు, అప్పు కింద భూమి పోవడం, ఇవన్నీ బైబిల్లో అడుగడుగునా ఉన్నాయి. ఇవి అనుభవించిన తరం ఇంకా మన ఇళ్లలోనే ఉంది. వాళ్లను పక్కన పెట్టి అమెరికా వ్యాఖ్యానాలు వెతుక్కుంటున్నాం.

చెవితో మొదలైన చదువు

తెలుగువాళ్లు బైబిల్‌ను మొదట కంటితో చదవలేదు, చెవితో విన్నారు. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ 18వ శతాబ్దం తొలిభాగంలోనే తెలుగు చేశాడు గానీ ఆ అనువాదం అచ్చు కాలేదు. విశాఖపట్నంలో డెస్ గ్రాంజెస్, ఆనందరాయర్ కలిసి అనువదించిన సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. సంపూర్ణ బైబిల్ రావడానికి 1854 దాకా పట్టింది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఒడ్డున, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో అక్షరం వచ్చినవాళ్లు బహు తక్కువ. వాళ్లకు వాక్యం అంటే పాట, కంఠతా పట్టిన వచనం, బైబిల్ ఉమెన్ అని పిలిచే స్త్రీలు పేటలకు వెళ్లి అరుగు మీద కూర్చుని చదివి వినిపించిన కథ. మన దగ్గర రామాయణ, భాగవతాలూ అలాగే బతికాయి. పారాయణ చేసేవాడు ఒకడు, వినేవాళ్లు వందమంది.

అందుకే మౌనంగా చదివితే నిద్రొస్తోందనే వాళ్లకు నేనిచ్చే మొదటి సలహా గొంతెత్తి చదవమని. అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయంలో ఐతియొపీయ ఉద్యోగి రథంలో పోతూ యెషయా గ్రంథం చదువుతుంటే పక్కన పరుగెత్తుకొచ్చిన ఫిలిప్పుకు వినిపించింది. అంటే పైకే చదువుతున్నాడు. అర్థమవుతోందా అని ఫిలిప్పు అడిగితే ఎవరైనా చెప్పకపోతే ఎలా అవుతుందని నిజాయతీగా ఒప్పుకున్నాడు. ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్‌లో క్యాబ్ ఎక్కి హైటెక్ సిటీ చేరేదాకా ప్రయాణంలోనే ఉండేవాళ్లకు ఈ ఉద్యోగి దగ్గరి బంధువు. ప్రయాణంలో చదవడం తక్కువ భక్తి ఏమీ కాదు. చెవుల్లో ఆడియో పెట్టుకుని మార్కు సువార్త మొదటి నుంచి వింటే పదహారు అధ్యాయాలూ గంటన్నరలో అయిపోతాయి. సువార్త మొత్తం ఒక్క ఊపున విన్నవాళ్లకు యేసు ఎంత వేగంగా ఊరి నుంచి ఊరికి కదిలాడో మొదటిసారి తెలుస్తుంది.

తెల్లవారుజామునే చదవాలన్న నియమం కూడా కొందరిని లేనిపోని అపరాధభావంలో పడేస్తోంది. పిల్లాడిని అయిదున్నరకు కోచింగ్‌కు దింపే తల్లికి, రాత్రి డ్యూటీ చేసి ఆరింటికి వచ్చే నర్సుకు ఆ వేళ ఎక్కడిది? 63వ కీర్తనలో దావీదు రాత్రి పడక మీదే దేవుణ్ణి తలుచుకున్నాడు. దానియేలు రోజుకు మూడుసార్లు మోకరించాడు. రోజులో ఏ వేళ మీ చేతిలో ఉంటుందో అదే సరైన వేళ.

రాత్రంతా చదివి, సగం వచనం దగ్గర ఆగి

చదివే వేగం గురించి మాట్లాడాలంటే హైదరాబాద్‌లో భక్తసింగ్ గారిని మించిన ఉదాహరణ లేదు. 1903లో పంజాబ్‌లో సిక్కు కుటుంబంలో పుట్టారు. మిషన్ బడిలో చదువుకునేటప్పుడు బహుమతిగా వచ్చిన బైబిల్‌ను చించి పారేసి, తోలు అట్ట బాగుందని అది మాత్రం ఉంచుకున్నానని ఆయనే తన సాక్ష్యంలో చెప్పుకున్నారు. ఇంజనీరింగ్ చదువు కోసం లండన్, అక్కణ్ణుంచి కెనడా వెళ్లారు. 1929 డిసెంబరులో విన్నిపెగ్‌లో స్నేహితుణ్ణి బైబిల్ ఉంటే ఇమ్మని అడిగారు. అతను జేబులో ఉన్న చిన్న కొత్త నిబంధన తీసి ఇచ్చాడు. ఆ రాత్రి మూడింటి దాకా చదివారు. బయట మంచు, మర్నాడూ అదే పని.

ఆ తర్వాత జరిగిందే ఆసక్తికరం. సువార్తలను అంత జోరుగా చదువుతున్న మనిషి యోహాను మూడో అధ్యాయం మూడో వచనానికి వచ్చి, వచనం పూర్తి కాకుండానే, సగంలో ఆగిపోయారు. ఆ సగం వచనమే తనను పట్టుకుందని చెప్పారు. 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం, 1933లో స్వదేశం. తర్వాత మద్రాసు, 1950 నాటికి ముషీరాబాద్ గోల్కొండ చౌరస్తా దగ్గర హెబ్రోను ప్రార్థనా మందిరం. 2000 సెప్టెంబరు 17న కన్నుమూసేదాకా మోకాళ్ల మీద బైబిల్ చదివే మనిషిగానే ఆయన పేరు నిలిచింది. హెబ్రోను ప్రభావం ఉన్న సంఘాల్లో ఇప్పటికీ ప్రసంగం మధ్యలో పేజీలు తిప్పే చప్పుడు వినిపిస్తుంది. చెప్పేది నిజమో కాదో చూసుకునే అలవాటది.

ఇక్కడ రెండు వేగాలున్నాయి. పుస్తకం మొత్తం ఏం చెబుతోందో పట్టుకోవడానికి ధారాళంగా చదవాలి. ఎక్కడో ఒక మాట కొంగు పట్టుకుని లాగితే ఆ రోజుకు అక్కడే ఆగిపోవాలి. పట్టిక మొదటిదానికి పనికొస్తుంది, రెండోదానికి అడ్డం పడుతుంది. రాజమండ్రిలో 1938లో బైబిల్ మిషన్ మొదలుపెట్టిన ముంగమూరి దేవదాసు అయ్యగారు సన్నిధిలో కనిపెట్టడం అని నేర్పింది ఈ రెండోదాన్నే. చదివి, అడిగి, నోరు మూసుకుని కూర్చోవడం. ప్రార్థన అంటే మనమే మాట్లాడటం అనుకునే వాళ్లకు అది మహా కష్టం.

ఏ అనువాదం చదవాలన్న ప్రశ్నకు పెద్ద చర్చ అక్కర్లేదు. కంఠతా పట్టడానికి, పాటలా చెవిలో మోగడానికి పాత అనువాదమే. సికింద్రాబాద్‌లో బస్‌స్టాపుకు కూడా పేరిచ్చిన బైబిల్ హౌస్ నుంచి మూడు తరాలు కొనుక్కున్నది అదే. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు మాత్రం అది గోడలా అడ్డం నిలుస్తోంది. వాడుక భాషలో వచ్చిన అనువాదం వాళ్ల చేతికివ్వండి. క్యాథలిక్ కుటుంబాలకు 73 పుస్తకాల పవిత్ర గ్రంథం ఉండనే ఉంది. కథ పట్టుబడ్డాక పాత అనువాదానికి ఆ పిల్లలే వస్తారు. బైబిల్ కథను తెలుగు పద్యంలో వినాలనుకునే పాఠకుడికి, విశ్వాసి అయినా కాకపోయినా, జాషువా క్రీస్తు చరిత్ర ఉంది. 1964లో సాహిత్య అకాడెమీ అవార్డు దానికే వచ్చింది.

ఈ ఆదివారమే మొదలుపెట్టాలనుకునే వాళ్లకు నేనైతే ఫిలేమోను పత్రిక చేతిలో పెడతాను. ఒకటే అధ్యాయం, 25 వచనాలు, దాదాపు ఒక పేజీ. ముసలివాడైన పౌలు జైల్లోంచి రాశాడు. ఫిలేమోను ఇంటి బానిస ఒనేసిము యజమానిని విడిచిపోయి పౌలు దగ్గరికి చేరాడు. పౌలు అతణ్ణి తిరిగి పంపుతూ, బానిసగా కాదు, ప్రియ సహోదరుడిగా చేర్చుకోమంటున్నాడు. నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేసుకో, నేనే తీరుస్తానని తన చేత్తో రాసిచ్చాడు. వెట్టిచాకిరీ కథలు, దొరగడీ నుంచి పారిపోయిన జీతగాళ్ల కథలు విని పెరిగిన తెలంగాణ మనిషి ఈ పేజీని దొర వైపు నుంచి ఒకసారి, పారిపోయినవాడి వైపు నుంచి ఒకసారి చదవాలి. పౌలు బానిసత్వం తప్పని సూటిగా ఎందుకు అనలేదన్న ప్రశ్న రాకపోతే సరిగా చదవనట్టే. వస్తే దాన్ని మింగేయకుండా కాగితం మీద రాసి పెట్టుకోండి, అయ్యగారిని అడగండి. ఫిలేమోను ఏం చేశాడో ఆ ఉత్తరంలో లేదు. కొలస్సయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయం తొమ్మిదో వచనంలో మాత్రం ఒనేసిము పేరు ఇంకోసారి కనిపిస్తుంది. అక్కడ అతణ్ణి పౌలు ఏమని పరిచయం చేశాడో చూసి, మళ్లీ ఫిలేమోను మొదటి నుంచి చదవండి.